మెట్లెక్కనన్న పియానో

బాలలూ! ఈ నెల మనం ఇద్దరు మనుషులూ, ఒక గుర్రమూ, ఒక పియానో కలిసి నడిపిన కథ చెప్పుకుందాం. ఇది పుస్తకంలో కథ కాదు, సినిమా కథ. 1932లో అమెరికాలో విడుదలైన మూడు రీళ్ళ చిన్న బొమ్మ. అరగంటలో అయిపోతుంది. దాని పేరు "ది మ్యూజిక్ బాక్స్", అంటే సంగీతపు పెట్టె. అందులో వేషాలు వేసింది లారెల్, హార్డీ అనే జంట. లారెల్ బక్కపలచనివాడు. హార్డీ భారీ మనిషి. ఇద్దరి నెత్తినా గుండ్రటి నల్ల టోపీలు. వాళ్ళ పేర్లు చెబితే ఇప్పటికీ నవ్వే తాతయ్యలు చాలామంది ఉన్నారు.

ముందు కథ వినండి. తరువాత ఆ నవ్వు ఎక్కణ్ణించి వచ్చిందో వెతుకుదాం.

కథ

ఒక ప్రొఫెసరుగారి పుట్టినరోజు వచ్చింది. ఆయనకు చెప్పకుండా ఒక మంచి కానుక ఇవ్వాలని ఆయన భార్యకు అనిపించింది. ఆమె వాద్యాల దుకాణానికి వెళ్ళి ఒక పియానో కొన్నది. అది మామూలు పియానో కాదు. మనిషి తాకకుండానే దాని మీటలు వాటంతట అవే లేచి పడుతూ పాట వాయిస్తాయి. దాన్ని ఇంటికి పంపమని చిరునామా ఇచ్చి ఆమె వెళ్ళిపోయింది.

పియానోను చేరవేసే పని లారెల్, హార్డీలకు వచ్చింది. వాళ్ళకు ఒక గుర్రబ్బండి ఉన్నది. బండి మీద తమ కంపెనీ పేరు గొప్పగా రాసుకున్నారు. దాని కింద "1931లో స్థాపించినది" అని రాయబోయి ఇంగ్లీషులో రెండు అక్షరాలు ఎక్కువ రాసేశారు. దాంతో "1931లో మునిగినది" అనే అర్థం వచ్చింది. ఆ కంపెనీ పని ఎంత చక్కగా ఉంటుందో మనకు అక్కడే తెలిసిపోతుంది.

ఇద్దరూ దారిలో కనిపించిన పోస్టుమానును ఇల్లెక్కడని అడిగారు. అతను చెయ్యెత్తి పైకి చూపించాడు. చూస్తే పెద్ద మెట్లదారి! ఒకటీ రెండూ కాదు, వందకు పైగా మెట్లు. ఇల్లు ఆ మెట్ల చివర గుట్ట మీద ఉన్నది.

సరే, పియానో పెట్టెను దించుదామని హార్డీ బండి వెనక వీపు వంచి నిలబడ్డాడు. లారెల్ పెట్టెను అతని వీపు మీదికి తోస్తున్నాడు. సరిగ్గా ఆ సమయానికే గుర్రానికి ముందుకు నడవాలని బుద్ధి పుట్టింది. బండి కదిలింది. పెట్టె హార్డీ మీద పడింది. లోపలి తీగలన్నీ ఒక్కసారిగా గల్లుమన్నాయి.

ఎలాగైతేనేం, ఇద్దరూ పెట్టెను మెట్ల మీదికి మోయసాగారు. ఆయాసపడుతూ కొంత దూరం ఎక్కేసరికి పైనించి ఒక ఆయా పసిపిల్లల తోపుడుబండితో దిగివచ్చి దారి ఇమ్మన్నది. వీళ్ళు మర్యాదకు పక్కకు జరిగారు. జరిగేటప్పుడు పెట్టె మాట మరిచారు. పెట్టె గలగలమంటూ మెట్లన్నీ దిగి రోడ్డు మీదికి చేరింది.

అది చూసి ఆయా పకపకా నవ్వింది. లారెల్‌కు ఒళ్ళు మండి ఆమెను ఒక్క తాపు తన్నాడు. ఆమె లారెల్‌ను కొట్టింది. అది చూసి హార్డీ నవ్వాడు. ఆమె పాలసీసా తీసి హార్డీ నెత్తిన బద్దలు కొట్టింది. తరువాత నేరుగా వెళ్ళి పోలీసుకు ఫిర్యాదు చేసింది.

పాపం, వీళ్ళు మళ్ళీ పెట్టెను మోసుకుంటూ సగం దూరం ఎక్కారు. కిందినించి పోలీసు కేకవేశాడు. లారెల్ దిగివచ్చాడు. నువ్వు కాదు, రెండోవాణ్ణి రమ్మన్నాడు పోలీసు. హార్డీ కూడా దిగక తప్పలేదు. తగవు ముదిరింది. ఇక్కడ ఇది జరుగుతుండగా మెట్ల మీది పెట్టె ఎవరి కోసమూ ఆగకుండా తన దారిన తాను దిగివచ్చింది.

మళ్ళీ మొదటినించీ ఎక్కడం. ఈసారి పైనించి ఒక పెద్దమనిషి దిగివచ్చాడు. గడ్డమూ, పొడుగాటి టోపీ, పేరు వెనక బారెడు డిగ్రీలు. అడ్డం తప్పుకొమ్మని గద్దించాడు. మీరే చుట్టూ వెళ్ళవచ్చుగదా అన్నారు వీళ్ళు. మాటా మాటా పెరిగింది. లారెల్ ఒక్క దెబ్బ కొట్టేసరికి ఆయన టోపీ ఎగిరి, మెట్ల మీద దొర్లుతూ రోడ్డు మీదికి పోయి, ఒక బండి కింద పడి అప్పడమైపోయింది. ఆయన ఉగ్రుడై వెళ్ళిపోయాడు. ఆయనే ఆ ఇంటి యజమాని, ప్రొఫెసరుగారు! పియానో ఆయన కోసమే! ఆ సంగతి మనకూ అప్పటికి తెలియదు, వాళ్ళకూ తెలియదు.

చిట్టచివరికి పెట్టె పైకి చేరింది. హార్డీ ఇంటి ముందున్న నీటికుంటలో పడి తడిసి ముద్దయ్యాడు. అప్పుడే పోస్టుమాను అటుగా వచ్చాడు. ఇద్దరి అవస్థా చూసి, ఈ మెట్లన్నీ ఎందుకు ఎక్కారు, గుట్ట చుట్టూ తిరిగి ఇంటి గుమ్మం దాకా బండి వచ్చే రోడ్డున్నది గదా అన్నాడు.

బాలలూ! ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. మీరే వాళ్ళ స్థానంలో ఉంటే ఏం చేస్తారు? అయిందేదో అయింది, పెట్టె పైకి వచ్చేసింది గదా అని ఊరుకుంటారు. కాని మనవాళ్ళు అలా ఊరుకునే రకం కాదు. రోడ్డున్నదని తెలియగానే ఇద్దరూ పెట్టెను జాగ్రత్తగా పట్టుకుని, మెట్లన్నీ దించి, కింద బండిలోకి ఎక్కించి, రోడ్డు వెంట తిప్పి మళ్ళీ పైకి తెచ్చారు!

ఇంట్లో ఎవరూ లేరు. మేడమీది కిటికీలోంచి పెట్టెను లోపలికి చేర్చాలని తాడూ, గిలకా కట్టి లాగారు. ఆ లాగుడులో ఇంటికీ ఒంటికీ జరగవలసినవన్నీ జరిగాయి. చివరకు పియానో గదిలో నిలబడింది. ఇద్దరూ దాన్ని మోగించి, ఆ పాటకు అడుగులు వేస్తూ, చిందరవందరైన గదిని సర్దసాగారు. సినిమా అంతటిలోనూ వాళ్ళు హాయిగా ఉన్న ఘట్టం ఇదొక్కటే.

అంతలో ప్రొఫెసరుగారు వచ్చాడు. ఆయనకు పియానో అంటే తలనొప్పి. గొడ్డలి తీసి దాన్ని నరకడం మొదలుపెట్టాడు. మధ్యలో పియానో అమెరికా జాతీయగీతం వాయించింది. గొడ్డలి ఆగింది. ముగ్గురూ నిటారుగా నిలబడి వందనం చేశారు. గీతం అయిపోగానే గొడ్డలి మళ్ళీ లేచింది. అప్పుడు భార్య వచ్చి, ఇది మీ పుట్టినరోజు కానుక అని ఏడ్చింది. ప్రొఫెసరు సిగ్గుపడి, పియానో ముట్టినట్టు సంతకం పెడతానని కలం అందుకున్నాడు. ఆ కలంలోని సిరా కాస్తా ఆయన ముఖాన చిమ్మింది. లారెల్, హార్డీలు పరుగు లంకించుకున్నారు. కథ కంచికి!

పెట్టె ఎందుకు దిగింది?

ఈ కథలో అబద్ధం ఆడని పాత్ర ఒక్కటే ఉన్నది. అది పియానో పెట్టె. అది అల్లరి చేయలేదు, కక్ష కట్టలేదు. భూమి పిలిచింది, అది వెళ్ళింది. అంతే.

కాస్త లెక్క వేద్దాం. ఆ మెట్లు సినిమా కోసం కట్టినవి కావు. లాస్ ఏంజెలస్ నగరంలో సిల్వర్ లేక్ అనే పేటలో ఇప్పటికీ ఉన్నాయి. మొత్తం 133 మెట్లు. ఒక్కొక్క మెట్టు 15 సెంటీమీటర్ల ఎత్తు అనుకుంటే మొత్తం ఎత్తు సుమారు 20 మీటర్లు, అంటే ఆరంతస్తుల మేడంత. పెట్టెతో సహా పియానో బరువు 300 కిలోలు అనుకుందాం. అంత బరువును అంత ఎత్తుకు చేర్చడానికి పట్టే పని దాదాపు 59 వేల జౌళ్ళు.

ఆ పని వృథాగా పోదు. పెట్టెలోనే దాగి ఉంటుంది. దీనినే స్థితిశక్తి అంటారు. ఇద్దరు మనుషులు చెమటోడ్చి, ఒక్కొక్క మెట్టే ఎక్కుతూ, బ్యాంకులో పైసా పైసా వేసినట్టు దాన్ని పెట్టెలో దాచారు. చెయ్యి వదిలిన మరుక్షణం భూమి ఆ సొమ్మంతా ఒక్కసారే వసూలు చేసుకున్నది. మెట్ల రాపిడి లేకపోతే ఆ పెట్టె కిందికి వచ్చేసరికి గంటకు 70 కిలోమీటర్ల వేగం అందుకునేది. రాపిడీ, మెట్ల మీద తగిలే దెబ్బలూ ఆ శక్తిలో చాలా భాగాన్ని హరించాయి. దారి పొడవునా వినబడే ఆ గలగల శబ్దం ఏమిటనుకున్నారు? దాచిన శక్తి కొంత అలా మోతగా ఖర్చవుతున్నది!

ఇక పోస్టుమాను చెప్పిన రోడ్డు సంగతి చూడండి. రాపిడి మాట పక్కన పెడితే, నిట్టనిలువుగా ఎత్తాలంటే 300 కిలోల బరువంత బలం కావాలి. మామూలు మెట్ల వాలు మీద లాగాలంటే సుమారు 134 కిలోల బరువంత బలం చాలు. పది మీటర్లు నడిస్తే ఒక మీటరు మాత్రమే ఎత్తు పెరిగే రోడ్డు మీద, చక్రాల బండిలో అయితే 30 కిలోల బరువంత బలంతో సరిపోతుంది. దూరం పెరిగిన కొద్దీ బలం తగ్గుతుంది. పని మాత్రం ఎటునించి వెళ్ళినా అంతే. కొండల మీదికి వేసే రోడ్లు పాములాగా మెలికలు తిరగడానికి కారణం ఇదే.

కనక పోస్టుమాను చెప్పింది మంచి సలహాయే. కాని వేళ మించిపోయింది. పెట్టె పైకి వచ్చాక ఎత్తు సంపాదించడం అయిపోయింది. ఏ దారిన వచ్చిందో ఇక అక్కర్లేదు. సంపాదించిన ఎత్తునంతా పారబోసి, అదే ఎత్తును సులువైన దారిలో మళ్ళీ సంపాదించారు మనవాళ్ళు. మనం కూడా ఒక్కొక్కప్పుడు ఇలాగే చేస్తాం. లెక్క చేసి జవాబు తెచ్చాక, దగ్గిరదారి ఉన్నదని ఎవరో చెబితే, చేసిందంతా కొట్టేసి మొదటినించీ చేసేవాళ్ళు మన తరగతిలో ఉండరా?

నవ్వు ఎందుకు వచ్చింది?

మనిషి జారి పడితే ఎవరైనా నవ్వుతారు అనుకుంటాం. కాని ఆలోచించి చూడండి. ఒక ముసలమ్మ నిజంగా మెట్ల మీద జారి పడితే మనం నవ్వుతామా? పరుగెత్తి లేవనెత్తుతాం. మరి హార్డీ పడితే ఎందుకు నవ్వాం?

ఇందుకు రెండు కారణాలున్నాయి. మొదటిది, ఏం జరగబోతున్నదో వాళ్ళకంటే మనకు ముందు తెలియడం. వాళ్ళు ఆయాతో మర్యాదలు చేస్తుంటే మన చూపంతా పెట్టె మీదే ఉంటుంది. గుర్రం కదలగానే మనకు అర్థమవుతుంది, హార్డీకి కాదు. ఎదురుచూసింది ఎదురుచూసినట్టే జరిగితే నవ్వు తన్నుకువస్తుంది. పెట్టె ఒకసారి ఆకాశంలోకీ, ఒకసారి పాతాళంలోకీ ఎగిరితే మనం ఆశ్చర్యపోతామే గాని ఇంతగా నవ్వం. భూమ్యాకర్షణ మాట తప్పదు, అందుకే ఈ హాస్యమూ మాట తప్పదు.

రెండో కారణం, ఎవరికీ నిజంగా నొప్పి కలగలేదని మనకు తెలియడం. ఇలా పడటం, లేవటం, గుద్దుకోవటంతో నడిచే హాస్యాన్ని ఇంగ్లీషులో "స్లాప్‌స్టిక్" అంటారు. ఆ మాట ఒక వస్తువు పేరు. 16వ శతాబ్దంలో ఇటలీ దేశంలో వీధినాటకాలాడేవాళ్ళు ఒక చిత్రమైన కర్ర వాడేవారు. రెండు పలచటి బద్దలను పిడి దగ్గిర కలిపి కట్టేవారు. దానితో కొడితే బద్దలు ఒకదానికొకటి తగిలి ఫెడేలుమని మోగేవి. చూసేవాళ్ళు వీపు పగిలిందనుకునేవాళ్ళు. తిన్నవాడికి చీమ కుట్టినట్టు కూడా ఉండేది కాదు. మోత పెద్దది, దెబ్బ చిన్నది. ఈ హాస్యం రహస్యమంతా ఆ కర్రలోనే ఉన్నది. గ్రీకు పండితుడు అరిస్టాటిల్ రెండువేల మూడువందల ఏళ్ళ కిందటే ఈ సంగతి గ్రహించాడు. బాధ పెట్టని, హాని చేయని పొరపాటే నవ్వు పుట్టిస్తుందని ఆయన చెప్పాడు.

ఇప్పుడు కథలోని ఆయాను మళ్ళీ గుర్తు తెచ్చుకోండి. ఆమె కూడా మనలాగే నవ్వింది. కాని మన నవ్వు వల్ల ఎవరికీ ఏమీ కాలేదు. ఆమె నవ్వు వల్ల పెద్ద తగాదా వచ్చింది. ఎందుకని? మనం తెరకు ఇవతల ఉన్నాం. ఆమె వాళ్ళ ఎదుట ఉన్నది. పొద్దుటినించీ చెమటోడ్చిన పని కళ్ళముందే నాశనమై నిలబడ్డ మనిషి ముఖాన ఆమె నవ్వింది. ఆ తరువాత దెబ్బలు తిన్న స్నేహితుణ్ణి చూసి హార్డీ నవ్వాడు. అతనికీ పాలసీసా తగిలింది. చూశారా? ఒకరి కష్టం చూసి ఎదుట నిలబడి నవ్వినవాళ్ళిద్దరికీ ఆ సినిమాలోనే శాస్తి జరిగింది. ఆ ఇద్దరు హాస్యగాళ్ళు మనల్ని నవ్విస్తూనే, ఎలా నవ్వకూడదో కూడా చూపించారు. లారెల్ తన్నడం తప్పు కాదా అంటారేమో. తప్పే. అందుకే పోలీసు వచ్చాడు.

తెర వెనక

ఇంత తెలివితక్కువగా నటించడానికి ఎంతో తెలివి కావాలి. లారెల్ 1890లో ఇంగ్లండులోని అల్వర్‌స్టన్ అనే చిన్న పట్నంలో పుట్టాడు. తండ్రి నాటకశాలలు నడిపేవాడు. 1910లో ఒక నాటక బృందంతో అమెరికా వెళ్ళాడు. అదే బృందంలో చార్లీ చాప్లిన్ కూడా ఉన్నాడు! హార్డీ 1892లో అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో పుట్టాడు. చిన్నతనంలో తన తల్లి నడిపే హోటల్లో కూచుని, వచ్చేపోయే మనుషుల నడకా, తీరూ గమనిస్తూ ఉండేవాడు. తెర మీద అతను చూపిన పెద్దమనిషి తరహా అంతా అక్కణ్ణించే వచ్చింది.

తెర మీద అమాయకుడైన లారెల్, తెర వెనక హాస్యానికి పెద్ద మేస్త్రీ. ఎక్కడ ఏం జరగాలో ఆలోచించేవాడు, ఫిల్ము కత్తిరించి అతికేచోట కూడా కూచునేవాడు. సినిమాను ముందుగా ప్రేక్షకులకు చూపించి, ఎక్కడ ఎంతసేపు నవ్వుతున్నారో చూసుకునేవారు. ఆ నవ్వులో తరువాతి మాట మునిగిపోకుండా చోటు వదిలి మళ్ళీ అతికేవారు. పొరపాటున పడ్డట్టు కనిపించే ప్రతి పాటూ కొలిచి వేసిందే!

ఈ మెట్ల ఆలోచన కూడా ఒక్కరోజులో పండలేదు. 1927లో "హ్యాట్స్ ఆఫ్" అనే మూకీ చిత్రంలో వాళ్ళు ఇవే మెట్ల మీదికి బట్టలుతికే యంత్రాన్ని మోశారు. ఆ చిత్రం ప్రతి ఒక్కటి కూడా మిగలలేదు. ఐదేళ్ళ తరువాత అదే ఆలోచనను మళ్ళీ చేపట్టి, యంత్రం స్థానంలో పియానో పెట్టారు. అప్పటికి సినిమాలకు మాట వచ్చింది. మోగే వస్తువును ఎంచుకోవడంలోని తెలివి చూశారా! జేమ్స్ పారట్ దర్శకత్వం వహించాడు, హాల్ రోచ్ నిర్మించాడు. చిన్న హాస్యచిత్రాలకు ఆస్కారు బహుమానం మొట్టమొదటిసారి ఇచ్చింది 1932లో. అది ఈ చిత్రానికే వచ్చింది. 1997లో అమెరికా ప్రభుత్వం కలకాలం భద్రపరచవలసిన చిత్రాల జాబితాలో దీన్ని చేర్చింది.

హార్డీ 1957లో చనిపోయాడు. లారెల్ 1965 దాకా జీవించాడు. ప్రపంచం నలుమూలలనించీ వచ్చే ఉత్తరాలకు ఓపికగా జవాబులు రాసేవాడు. కాని హార్డీ లేకుండా మళ్ళీ తెర మీదికి రాలేదు. ఆ కథలో గమనించండి, ఇద్దరూ ఎంత తిట్టుకున్నా, ఎన్నిసార్లు పెట్టె జారినా, పెట్టెకు ఒకవైపు ఒకడూ రెండోవైపు రెండోవాడూ మళ్ళీ చెయ్యి వేశారే గాని, నీ దారి నీది, నా దారి నాది అని ఒక్కడూ వెళ్ళిపోలేదు.

మీరు చేసి చూడండి

ఒక చక్రాల బొమ్మబండికి రబ్బరు బాండు కట్టండి. బాండు పట్టుకుని బండిని నిలువుగా పైకెత్తండి. బాండు ఎంత సాగిందో స్కేలుతో కొలవండి. తరువాత ఒక పొడుగాటి చెక్కను పుస్తకాల మీద వాలుగా ఆనించి, బండిని దాని మీద అదే బాండుతో మెల్లిగా లాగండి. ఈసారి ఎంత సాగింది? పుస్తకాలు తగ్గించి మళ్ళీ కొలవండి. పోస్టుమాను మాటలోని నిజం మీ చేతికే తెలుస్తుంది.

నిజమైన మెట్ల మీద మాత్రం ఈ ఆట వద్దు. మీ ఎదుట ఎవరైనా నిజంగా జారి పడితే ముందు చెయ్యి అందించండి. లేచినవాడు తనంత తాను నవ్వితే, అప్పుడు మీరూ కలిసి నవ్వండి.